పక్క సీటు బ్రేకు

కిందటి వారం షెడ్డులో రంపం పైకి లేచిన చోట ఆగాం. కథలోకి మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను, మొదటి నుంచీ ఉన్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మేస్త్రి కార్ల మెకానిక్కు. ఆయన భార్య ఒకప్పుడు కారు నడపడం నేర్పేది. సగం ఊరికి స్టీరింగు పట్టుకోవడం ఆవిడే నేర్పింది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ టీచరమ్మే. వాళ్లకి ఒక్కగానొక్క సంతానం గుండు. పేరు విని మగపిల్లాడు అనుకునేరు, ఆడపిల్లే. సిటీ బస్సు నడుపుతుంది, నడుము దాకా జడ ఉంటుంది. ఆ జడకీ ఈ పేరుకీ పొత్తెలా కుదిరిందని అడిగిన వాళ్లు లేరు. చిన్నప్పటి ముద్దుపేర్లని ఎవరు మాత్రం పట్టి పట్టి చూస్తారు!

పదహారేళ్ల కిందట టీచరమ్మ ఒక నర్సుకి నేర్పిస్తూ పక్క సీట్లో కూర్చుంది. వీధి మలుపులో ఆ నర్సు కంగారుపడి బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కేసింది. ఇలాంటి పొరపాట్లు జరుగుతాయనే నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ పెడతారు. అయినా కారు ఆగలేదు. పేవ్‌మెంటు ఎక్కింది. అక్కడ కూర్చుని గొడుగులు బాగుచేసుకునే తాత పోయాడు. విచారణకి వచ్చినవాళ్ల ముందు టీచరమ్మ ఒకే ఒక్క మాట చెప్పింది, "నా కాలు ఆలస్యమైంది" అని. తప్పు ఒప్పేసుకున్న మనిషి ఎదురుగా ఉండగా ఇంక కారు విప్పి చూసే పని ఎవరు పెట్టుకుంటారు? విచారణ అక్కడితో ముగిసింది. ఇంటి ముందు బోర్డు దిగిపోయింది. కారు టార్పాలిన్ కిందకి వెళ్లిపోయింది. టీచరమ్మ మళ్లీ ఏ కారూ ఎక్కలేదు, షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు.

ఇన్నేళ్లకి గుండు సెలవు పెట్టి ఇంటికొచ్చి ఆ టార్పాలిన్ లాగి అవతల పారేసింది. కారుని మళ్లీ నడిచేలా చేసి, అమ్మని అందులో కూర్చోబెట్టి ఒక్కసారి ఊరంతా తిప్పి తీసుకురావాలని ఆమె పంతం. మేస్త్రి మొదట ససేమిరా అన్నాడు. తర్వాత ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అదేమిటో చివరిదాకా నోరు విప్పి చెప్పలేదు. కిందటి వారం రంపం చేతిలోకి తీసుకున్నప్పుడు గానీ తెలియలేదు, పక్క సీటు పెడళ్లు కోసి పారెయ్యాలట.

"కొయ్యడం దేనికి నాన్నా? అంతగా వద్దనుకుంటే విప్పితే పోతుందిగా," అంది గుండు, డోరుకి అడ్డంగా నిలబడి.

"తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. విప్పినా రావు."

"రావని నీకెలా తెలుసు? ఇన్ని రోజుల నుంచీ పని చేస్తున్నాం, నువ్వు ఈ వైపు డోరు ఒక్కసారి కూడా తెరవలేదు."

ఆ మాట నిజమే. ఇద్దరూ కలిసి ఇంజను దింపారు, ఎక్కించారు. ఎలకలు గూడు కట్టిన సీట్లు చీల్చి కొత్త పీచు నింపారు. తుప్పు తినేసిన అడుగు రేకు కోసి కొత్త రేకు వెల్డింగు పెట్టారు, అదీ డ్రైవరు వైపే. అటు పక్కకి వచ్చేసరికి మేస్త్రికి వెంటనే ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఒకసారి నట్లు కడగాలి, ఇంకోసారి నడుం పట్టేసింది. గుండు చూసీ చూడనట్టు ఊరుకుంది, ముసలితనం అనుకుంది.

"చెప్పేది విను గుండూ," అన్నాడు మేస్త్రి. గొంతు తగ్గించాడు. "మీ అమ్మని ఇందులో కూర్చోబెడతానంటున్నావు. కూర్చుంటే కాళ్ల ముందు ఏముంటుంది? ఆ బ్రేకే. దాన్ని చూస్తూ ఊరంతా తిరగమంటావా? అవి లేకపోతే ఇది మామూలు కారు. అందరూ ఎక్కే కారు. మీ అమ్మ మామూలుగా కూర్చుంటుంది."

మాటలో న్యాయం ఉంది. గుండు ఒక్క క్షణం తగ్గింది. కానీ ఆమెకి అమ్మ కాలు గుర్తొచ్చింది. ఇంట్లో టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఏ బట్టలో మడతపెట్టుకుంటూ ఉంటుంది. వీధిలో ఎవడో గట్టిగా హారను కొడతాడు. చేతులు ఆగవు, తల ఎత్తదు, కుడికాలు మాత్రం ఠక్కున నేలని నొక్కుతుంది. చిన్నప్పటి నుంచీ గుండు అది చూస్తూనే ఉంది. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత ఏడుపొచ్చేది. బస్సు స్టీరింగు పట్టుకున్నాక మాత్రం మూడోది ఒకటి మొదలైంది, అనుమానం.

"ఆ కాలు ఆలస్యమయ్యే కాలు కాదు నాన్నా," అంది. "రోజంతా బస్సు నడిపే దాన్ని, నా కాలే అంత చురుగ్గా పడదు. హారను వినపడిందో లేదో అమ్మ కాలు కిందకి వెళ్లిపోయి ఉంటుంది. అలాంటి మనిషి ఆ రోజు ఆలస్యం చేసిందంటే నా బుర్రకెక్కదు."

"అమ్మే చెప్పింది కదే."

"చెప్పింది. నువ్వు నమ్మావా?"

మేస్త్రి రంపం పళ్లని వేలితో తడుముకున్నాడు. ఆయన అబద్ధం ఆడటం చేతకాని మనిషి, మౌనంగా ఉండటం మాత్రం బాగా చేతనవును. ఆ రెండిటికీ తేడా ఏమిటో ఇంకాసేపట్లో ఆయనకే తెలిసొస్తుంది.

గుండు ఇంక మాట పెంచలేదు. నూనె డబ్బా తీసుకుని, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, వెల్లకిలా పక్క సీటు ముందున్న ఇరుకులోకి దూరింది. "కొయ్యనివ్వను. విప్పి ఇస్తాను, తర్వాత నీ ఇష్టం," అని లోపలి నుంచి అంది. టార్చి నోట్లో ఉండటంతో సగం మాటలు నోట్లోనే ఉండిపోయాయి. "బయటికి రా," అన్నాడు మేస్త్రి. రెండోసారి కూడా అన్నాడు. మూడోసారి ఆయన గొంతు అరిచినట్టు కాకుండా బతిమాలినట్టు వినపడింది. గుండు అది గమనించింది, అయినా రాలేదు.

పెడల్ మొదట్లో నూనె పోసి చేత్తో అటూ ఇటూ ఆడించింది. అనుకున్నంత బిగుసుకోలేదు, కిర్రుమని కదిలింది. కదిలింది సరే, అవతల డ్రైవరు బ్రేకు కదలాలి కదా! పక్క సీటు పెడల్ నుంచి డ్రైవరు పెడల్ దాకా ఒక ఇనప రాడ్డు ఉంటుంది. ఇది తొక్కితే అది లాగబడుతుంది. ఆ రాడ్డు చివర చీలిన కొక్కెంలో వేలంత లావు మేకు దూరుస్తారు, ఆ మేకు జారిపోకుండా దాని చివర కన్నంలో స్ప్లిట్ పిన్ను పెడతారు. ఇప్పుడా కొక్కెం ఖాళీగా ఉంది. రాడ్డు ఊరికే వేలాడుతోంది.

గుండు కాళ్ల కింద కుళ్లిపోయిన చాపని వేళ్లతో పెకలించింది. చాప మడతలో మేకు దొరికింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బయటికొచ్చి, వెలుతురులో గుడ్డతో తుడిచింది. మేకు చివర కన్నంలో ఏదో విరిగిన ముక్క ఇరుక్కుని ఉంది. సన్నటి సీల పెట్టి తడితే ఊడి అరచేతిలో పడింది. స్ప్లిట్ పిన్ను కాదది. స్ప్లిట్ పిన్ను తెల్లగా ఉంటుంది, లోపలి వైపు చదునుగా ఉంటుంది. ఇది గుండ్రటి తీగ, దాని మీద అక్కడక్కడా నల్లరంగు మిగిలి ఉంది. చివర చిన్న ముద్ద ఉంది, నెత్తిన గుచ్చుకోకుండా పెడతారే, అలాంటిది.

"నాన్నా," అంది. "ఇది తల్లో పెట్టుకునే పిన్ను."

మేస్త్రి రంపం బల్ల మీద పెట్టాడు. ఈయన షెడ్డులో తీగతో కట్టిన బండి ఏదన్నా వస్తే, ముందు కట్టినవాడికి నాలుగు చీవాట్లు పెట్టి ఆ తర్వాతే పని మొదలుపెట్టేవాడు. ఎక్కడ ఏది ఉండాలో అదే ఉండాలనే మనిషి. అలాంటాయన ఇప్పుడు గోడ అటకదాకా నడిచి, ట్యూబులు అతికించే జిగురు డబ్బా ఒకటి దించాడు. ఎండిపోయిన డబ్బా. మూత తీసి కూతురి అరచేతిలోకి వంచాడు.

రెండో సగం పడింది. గుండు రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టింది. విరిగిన చోట అతికినట్టు కలిశాయి.

"నీకు తెలుసా?" అంది.

మేస్త్రి తలూపాడు.

"ఎప్పటి నుంచి?"

"కారు ఇంటికి తోలుకొచ్చిన రోజు నుంచి. చాప మీద ఆ సగం కనబడింది. రాడ్డు వేలాడుతోంది. ఇంకేమీ చూడబుద్ధి కాలేదు. టార్పాలిన్ కప్పేశాను."

అప్పుడు అరిచింది గుండు. ఎంత రద్దీలోనూ ప్రయాణికుల మీద ఎత్తని గొంతు కన్నతండ్రి మీద ఎత్తింది. "అంటే అమ్మ తొక్కింది! టైముకే తొక్కింది! కాలి కింద బ్రేకు లేదు! నీకు తెలుసు! పదహారేళ్లు ఆ మనిషి తన కాలిని తనే తిట్టుకుంటూ కూర్చుంటే ఎదురుగా కూర్చుని టీ తాగావా నాన్నా? ఎలా దిగింది గొంతులోంచి? ఒక్క మాట, ఒక్క మాట చెప్తే..."

"చెప్తే ఎవరు పెట్టారని అడుగుతుంది."

"అడిగితే?"

మేస్త్రి పాత టైరు మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పాడు. "నువ్వు పెట్టావమ్మా."

గుండు అరచేతిలోని ముక్కల్ని చూసింది, తర్వాత తండ్రిని చూసింది.

"ఆ పొద్దున నేను ఈ రాడ్డుకి గ్రీజు పెడుతున్నాను. నువ్వు ఇక్కడే కూర్చుని ఒక్కొక్క సామానూ అందిస్తున్నావు. ఇంతలో మార్కెట్టు దగ్గర లారీ ఆగిపోయిందని పిలుపొచ్చింది. మేకు దూర్చాను. స్ప్లిట్ పిన్ను నీ చేతిలో పెట్టి, పిన్ను పెట్టెయ్ గుండూ, అని చెప్పి వెళ్లిపోయాను. పదేళ్ల పిల్లకి బ్రేకు అప్పజెప్పి వెళ్లిపోయాను." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నువ్వది ఎక్కడో పారేసుకుని ఉంటావు. నాన్న తిడతాడని భయపడి తల్లోది తీసి పెట్టి ఉంటావు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, రెండు కాళ్లు. తప్పు నాది. కానీ ఊళ్లో వాళ్లు అలా చూస్తారా? మనిషి ప్రాణం తీసుకెళ్లి పదేళ్ల పిల్ల నెత్తిన ఎలా పెట్టను? మీ అమ్మ నిన్ను ఏమీ అనదు, నాకు తెలుసు. కానీ నిన్ను చూసినప్పుడల్లా ఆ తాత గుర్తొస్తాడు. అందుకని మీ అమ్మ తన కాలు అంటే... అననిచ్చాను."

అననిచ్చాను అన్న ఆ ఒక్క మాటా చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

గుండు కోపం ఎటుపోయిందో తెలియదు. మెల్లగా వచ్చి తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఏమని చెప్పానన్నావు నాన్నా, నాకు?" అని అడిగింది.

"పిన్ను పెట్టెయ్ అని."

"మొత్తం చెప్పు."

"పిన్ను పెట్టెయ్ గుండూ, అని."

"ఆ పేరు నాకెవరు పెట్టారు?"

"గొడుగుల తాత. బడికి వెళ్తుంటే పిలిచేవాడుగా, ఏమే గుండూ, ఎండకి నెత్తి మాడిపోతుంది, గొడుగు పట్టుకుపోవే అని..." మేస్త్రి అక్కడ ఆగిపోయాడు.

"పేలు పడ్డాయని అమ్మ ఆ ఏడు వేసవిలోనే నాకు గుండు చేయించింది," అంది గుండు. "వీధిలో పిల్లలంతా నెత్తి మీద తట్టి పారిపోయేవాళ్లు. బడి తెరిచాక, తాత పోయే నాటికి కూడా దువ్వెనకి దొరికేంత జుట్టు లేదు నాకు. నా తల్లో పిన్ను ఎక్కడిది నాన్నా?"

మేస్త్రి కూతురి జడ వంక చూశాడు. రోజుకి పదిసార్లు నోరారా పిలుచుకునే పేరు. ఆ పేరు పిలుస్తూనే పదహారేళ్లు కూతురి తప్పు కాపాడుకుంటూ వచ్చాడు, చెయ్యని తప్పు. భార్య బతుకు దానికి ఖర్చు పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన రెండూ కాని శబ్దం ఒకటి చేశాడు. గుండు ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

తర్వాతి ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది, ఇద్దరూ ఇంటి వైపే చూశారు. ఆ ఇంట్లో అప్పుడు పిన్నులు పెట్టుకునే తల ఇంకొకటే ఉంది.

"మీ అమ్మ బానెట్టు ఎత్తి ఎరగదు," అన్నాడు మేస్త్రి. "నడపడం, నేర్పడం, అంతే. కింద ఏముందో ఏనాడూ అడగలేదు. తనంతట తను అక్కడ చెయ్యి పెట్టదు. ఎందుకు పెట్టిందో..."

"అమ్మకి చెప్పొద్దు నాన్నా."

ఇంతకుముందు ఎందుకు చెప్పలేదని అరిచిన మనిషే ఈ మాట అంది. కాలి మీద బరువు దించితే చేతి మీద బరువు ఎక్కుతుంది. నీ కాలు సరిగ్గానే పడిందమ్మా అని సంతోషంగా చెప్పబోతే, మరి బ్రేకు ఎందుకు పడలేదు అంటుంది. అప్పుడు గుప్పిట్లో ఈ రెండు ముక్కలూ చూపించాలి. గుండు గుప్పిట బిగించింది.

"ఏమిటా అరుపులు? వీధి చివరికి వినబడుతున్నాయి."

టీచరమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. గొడుగు మూసి, నీళ్లు దులిపి, జాగ్రత్తగా గోడకి ఆనించింది. తాత చేతిమీదుగా బాగుపడిన గొడుగది. చువ్వల దగ్గర కుట్లు ఇంకా చెక్కుచెదరలేదు. మేస్త్రి లేవబోయి లేవలేకపోయాడు. ఆవిడ ఈ గుమ్మం దాటి లోపలికి రావడం ఆయన మరిచిపోయిన విషయం.

ఆవిడ వాళ్లని చూడలేదు, కారునే చూసింది. రంగు ఇంకా వెయ్యలేదు, ఒళ్లంతా బూడిదరంగు ప్రైమరు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చుట్టూ నడిచింది, ఎక్కడా ముట్టుకోకుండా. "సన్నబడిపోయినట్టుంది," అంది. ఎవరికీ నవ్వు రాలేదు. పక్క సీటు వైపు డోరు తెరిచే ఉంది. చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, ఎప్పుడూ కూర్చునేదానిలా కూర్చుంది. కూర్చోగానే చెయ్యి తనంతట తను పైకెళ్లి, నేర్పేవాళ్ల కోసం బిగించిన రెండో అద్దాన్ని సరిచేసింది.

"అమ్మా, అది ఇంకా..." అంటూ గుండు లేచింది.

కాలు అప్పటికే కిందకి వెళ్లిపోయింది. పెడల్ అడ్డం లేకుండా వెళ్లి అడుగు రేకుకి కొట్టుకుంది. ఖంగుమంది. టీచరమ్మ కాలు తియ్యలేదు. మళ్లీ ఎత్తి, ఈసారి నెమ్మదిగా, చివరిదాకా తొక్కింది.

"ఆ రోజూ ఇంతే," అంది. "కాలి కింద ఏమీ లేదు."

చినుకులు పెద్దవయ్యాయి.

"నీకు... తెలుసా?" అన్నాడు మేస్త్రి. కాసేపటి కిందట కూతురు తనని అడిగిన మాటే అది.

"కాలికి తెలియదా?"

"మరి ఆలస్యమైందని ఎందుకు చెప్పావే అందరికీ?"

టీచరమ్మ ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది, పక్కన ఎవరో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉన్నట్టు, వాళ్లు బెదిరిపోకుండా చెప్తున్నట్టు. "బ్రేకు లేదంటే ఎవరు బిగించారని అడుగుతారు. మిమ్మల్ని తీసుకుపోతారు. మేస్త్రి బిగించిన బ్రేకు ఊడిపోయిందంటే ఇంక ఈ షెడ్డులోకి ఎవరన్నా బండి తోలతారా? మీ చేతిలో ఉన్నది ఆ పని ఒక్కటే. నా కాలంటారా, నా కాలిని నేను ఏమన్నా అనుకోవచ్చు. అది తిరిగి మాట్లాడదు."

"నేను బిగించానా?"

"మీరు కాకపోతే మీరు చెప్పినట్టు నేను. ఏదైతేనేం." కొప్పు జారింది కాబోలు, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి పిన్ను తీసింది. నల్లటి పిన్ను. మాట్లాడుతూనే దాన్ని పెదాల మధ్య పెట్టుకుని కొప్పు బిగించి, మళ్లీ గుచ్చుకుంది. "మీరు పెట్టమన్నారనే కదా నేను తల్లోంచి తీసి పెట్టింది. ఇంత సన్నది ఆగుతుందా అని అనుమానం వచ్చింది నాకు. కానీ నాకేం తెలుసు? మేస్త్రి చెప్పాడు, మేస్త్రికి తెలియదా అనుకున్నాను. మీరేమో లారీ దగ్గరికి వెళ్లిపోయారు, నర్సు వచ్చి నిలబడింది. ఎక్కేశాను."

"నేనెప్పుడు చెప్పాను నీకు తల్లో పిన్ను పెట్టమని?"

"కబురు చేశారుగా. పిన్ను పెట్టమన్నారని."

గుండుకి ఆ పొద్దున అప్పుడు గుర్తొచ్చింది. మేస్త్రి ఇచ్చిన తెల్లటి పిన్ను కన్నంలోకి వెళ్లలేదు. వేళ్లు నొప్పి పుట్టాయి. బయట తాడాట మొదలైంది, పిల్లలు పిలుస్తున్నారు. పిన్ను బల్ల మీద ఎక్కడో వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. అమ్మ అద్దం ముందు నిలబడి కొప్పు పెట్టుకుంటోంది. పెదాల మధ్య నల్లటి పిన్ను ఉంది. "అమ్మా, నీ బ్రేకు రాడ్డుకి పిన్ను పెట్టమన్నాడు నాన్న," అని చెప్పి, ఏ పిన్నో చెప్పకుండా, అటునుంచి అటే ఆటకి పారిపోయింది. ఆ ఇంట్లో రెండు రకాల పిన్నులు ఉండేవి. షెడ్డులో పిన్నంటే ఒకటి, అద్దం ముందు పిన్నంటే ఇంకొకటి. ఆ ఒక్క పొద్దున తప్ప అవి ఎప్పుడూ కలిసిపోలేదు. వాటి మధ్య మాట మోసుకెళ్లింది తను.

తాత తనకి పేరు పెట్టాడు. తను తాతకి ఏం చేసిందో ఇప్పుడు తెలిసింది.

ఆమె మొహం చూశాడు మేస్త్రి. చెవి ఆనించి ఇంజను జబ్బు పసిగట్టే మనిషికి కూతురి మొహం చదవడం ఎంతసేపు? అప్పటిదాకా లేవలేని వాడు టైరు మీద నుంచి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"అవునే," అన్నాడు భార్యతో. "నేనే చెప్పాను. స్ప్లిట్ పిన్ను కనబడలేదు. తొందరలో, తల్లోదే పెట్టమన్నాను. తప్పు నాదే."

అబద్ధం ఆడటం చేతకాని మనిషని ఇందాక నేనే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

టీచరమ్మ కళ్లు మూసుకుంది. ఒక నిట్టూర్పు విడిచింది, తలమీద బిందె దించుకున్నదానిలా. "ఈ మాట మీ నోటి నుంచి వస్తుందేమోనని పదహారేళ్లు చూశాను," అంది. కంటి చివర నీళ్లున్నాయి గానీ గొంతులో కోపం లేదు. "మీకు తెలియదా, తెలిసీ ఊరుకున్నారా, అదొక్కటే నన్ను తినేసింది. పిన్నూ కాదు, బ్రేకూ కాదు. ఇప్పుడు చెప్పారు. చాలు. రంగు వెయ్యండి. ఎక్కుతాను."

గుండు పంతం నెగ్గింది. అమ్మ ఎక్కుతానంది. తను ఒక్కమాటా మాట్లాడకుండా ఇలాగే నిలబడితే చాలు, వచ్చే వారానికి ముగ్గురూ ఈ కారులో ఊరంతా తిరుగుతారు. అమ్మ నాన్నని క్షమించేసింది కూడా. చెయ్యని తప్పుకి.

గుప్పిట్లో రెండు ముక్కలూ అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. మేస్త్రి వచ్చి ఆ గుప్పిటని తన రెండు చేతులతో మూసి, వద్దన్నట్టు గట్టిగా నొక్కాడు.

"అమ్మా," అంది గుండు.

టీచరమ్మ తల తిప్పలేదు. పైనున్న అద్దం కొంచెం వంచి, అందులోంచి కూతుర్ని చూసింది.

"ఏమిటే?"